అష్టప్రహరి

కాశీనగర్‌లో నామం ఎత్తుకుంటే
ఇరవై నాలుగ్గంటలు తెగకూడదు.
పూచీ దేవుడిదని కమిటీ అంటుంది.
నాదీ, నా జనరేటరుదీ అని నేనంటాను, లోపల్లోపల.

సాయంత్రం ఏడింటికి
పొట్నూరు శేట్టుగారు మిల్లు కట్టేసి వస్తారు.
కరెంటు కొడుతుందేమోనన్నట్టు
మైకుని రెండు వేళ్లతో పట్టుకుంటారు.
నాలుగుసార్లు హరే అంటారు, అయిదోసారికి ఫొటో.
తప్పుపట్టను.
పందిరి ఆయనది, నూనె డబ్బాలు ఆయనవి,
నా అడ్వాన్సూ ఆ జేబులోంచే వచ్చింది.

తర్వాత హైస్కూలు మాస్టర్లు.
ఒడియావాళ్లు ఒక వరస, మనవాళ్లు ఒక వరస,
ఒక్క నామానికి రెండు నడకలు.
"ఆళ్లది సాగుతాది, మనది గెంతుతాది"
మృదంగం మాధబ్ నవ్వుతాడు, రెంటికీ వాయిస్తూ.

కార్తీకమంతా హవిష్యం తినే ముసలమ్మలు
స్తంభం వెనక కూర్చుంటారు.
నెల పొడుగునా ఒంటిపూట ఉన్నది వాళ్లు.
స్టాండు మాత్రం మగాడి మూతి ఎత్తున బిగించి ఉంది.
దించబోయాను.
"వొద్దు నాయనా, ఆయనకి ఇనబడతాది" అంది ఒకావిడ,
ఎవరికి వినబడకూడదో చెప్పకుండా.

నేను గడియారం చూడను. చెప్పులు చూస్తాను.
తోలు చెప్పులు పదింటికి పోతాయి,
బెల్టు చెప్పులు పదకొండుకి.
పన్నెండు దాటాక గుమ్మంలో మిగిలేవి హవాయివే,
ఒకదానికి పిన్నీసు, ఒకదానికి పురికొస.

కమిటీ చీటీలో ఉంది:
రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు — ఇతరులు.
పగలంతా వరి కోసి వచ్చిన ఇతరులు
తాళం తప్పినా గొంతు దాచుకోకుండా పాడారు.
పాడి పాడి ఒకరి భుజం మీద ఒకరు వాలారు.
మూడుంపావుకి హార్మోనియం గురక పెట్టింది.
తవిటయ్య నోట్లో సగం నామం ఉండగానే
గెడ్డం గుండెల మీదికి జారింది.

తెగింది.

ముప్ఫై ఏళ్లుగా మైకులో
హలో చెక్ తప్ప ఏమీ అనని మనిషిని.
నోరు తెరిచాను, గాలి వచ్చింది.

అప్పుడు తడిక అవతల్నించి
చీపురు చప్పుడు మీద నామం.
రెల్లివీధి గవరమ్మ
పొద్దుటి ఊరేగింపుకి దారి తుడుస్తోంది.
రాత్రంతా విన్నదే, చేతికి పట్టేసింది కాబోలు.
ఊడ్పుకో హరే, ఊడ్పుకో హరే.

మైకు పీకి పరిగెత్తాను.
తడిక ఇంకా పది బారలుండగా
వైరు నన్ను వెనక్కి గుంజింది.
"లోపలికి రా అప్పా!"
ఆవిడ నా మొహం చూడలేదు,
గుమ్మంలో పిండిముగ్గు చూసింది.
"నువ్వే ఇటు తిప్పు బాబూ" అంది, తుడవడం ఆపకుండా.

తిప్పాను. వాల్యూం ఆఖరికంటా పెట్టాను.
పదకొండు నిమిషాలు
వంశధార అవతలి గట్టు దాకా
గవరమ్మ గొంతూ, దుమ్ము లేచే చప్పుడూ.
మాధబ్ ఉలిక్కిపడి లేచి మృదంగం అందుకున్నాడు.
చూస్తే ఆవిడ మలుపు దాటేసింది.

పొద్దున్న శేట్టుగారు మైకులో
"నామం తెగలేదు" అన్నారు. జనం హరిబోల్ అన్నారు.
చందాల పేర్లు చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
పంతులుగారు పక్కకొచ్చి అడిగారు:
"తెల్లారగట్ల ఆ గొంతెవరిది, ఏ ఊరి పార్టీ?"
"లోకలేనండి" అన్నాను.

ఆ ఆదివారం ఇదే మైకు
కొండ మీద సవరల చర్చిలో.
అక్కడ ఆడవాళ్లే ముందు నిలబడి పాడతారు.
అక్కడా వెనక బల్లలుంటాయి,
ఎవరు కూర్చుంటారో చెప్పాలంటే ఇంకో రాత్రి కావాలి.

దిగి వస్తూ పర్లాకిమిడిలో
ఇరవై గజాల వైరు కొన్నాను.
"ఉన్నది చాలదా?" అంది ఇంటిది.
పొట్టయిపోతంది, అన్నాను.